సూత్రం వెనుక మనిషి: లీషాట్లియర్

సిర్పూరు కాగజ్‌నగర్‌లో రైలెక్కి కాజీపేట వైపు చదువులకు వచ్చిన మావంటి వాళ్ళకు ఆ దారి కంఠతా వచ్చు. బండి కదిలేటప్పుడు పేపరు మిల్లు, కాసేపటికి బెల్లంపల్లి బొగ్గు బాయిలు, ఆ తర్వాత మంచిర్యాల సిమెంటు, గోదావరి బ్రిడ్జి దాటితే రామగుండం ఎరువుల కర్మాగారం. కిటికీ పక్క సీటు దొరికితే చాలు, వీటిని ఒకదాని వెంట ఒకటి లెక్కపెట్టుకోవచ్చు. ఈ దారిలో ఎన్నడూ ప్రయాణం చేయని ఒక ఫ్రెంచి రసాయనవేత్త తన జీవితమంతా సరిగ్గా ఈ సరుకుల చుట్టూనే తిరిగాడు. సున్నం, బాయిలో పుట్టే గాలి, సిమెంటు, అమ్మోనియా. ఆయన పేరు ఇంటర్మీడియట్ సైన్సు చదివిన వాళ్ళందరికీ తెలుసు. సూత్రాన్ని నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాం. మనిషి ఎవరో, ఏం చేశాడో మాత్రం ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

ఆయనే హెన్రీ లూయీ లీషాట్లియర్. ఫ్రెంచివాళ్ళ నోట ఇది ల షాతెల్యే అని పలుకుతుందట. మన పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయిన పేరును మార్చడం నా తరం కాదు గనుక లీషాట్లియర్ అనే రాస్తాను.

ఈ వ్యాసం రాయాలని బుద్ధి పుట్టడానికి కారణం ఒక పరీక్ష. బి.యస్సీ.లో ఉండగా టెస్టులో ఒక ప్రశ్న వచ్చింది. నత్రజని, హైడ్రోజన్, అమ్మోనియా సమతాస్థితిలో ఉన్న మూసిన పాత్రలోకి, ఘనపరిమాణం మారకుండా ఆర్గాన్ పంపితే ఏమవుతుంది? పీడనం పెరుగుతుంది, పీడనం పెరిగితే అణువుల సంఖ్య తక్కువున్న వైపుకు చర్య జరుగుతుంది, కనుక అమ్మోనియా పెరుగుతుంది అని గడగడా రాసేశాను. మా క్లాసులో సగం మంది అదే రాశారు. అందరికీ సున్నాలే. పేపర్లు తిరిగిచ్చినప్పుడు మా లెక్చరరు గారు కోప్పడలేదు, నవ్వారు. పీడనం ఎవరిదో ముందు చూసుకోమని మాత్రం అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ సూత్రం చెప్పిన మహానుభావుడే ఒకసారి పాత్రలో ఏ వాయువు ఉందో చూసుకోక జీవితంలో అతి పెద్ద దెబ్బ తిన్నాడని తెలియడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

ఆయన 1850 అక్టోబరు 8న పారిస్‌లో పుట్టాడు. తండ్రి లూయీ లీషాట్లియర్ పేరుమోసిన ఇంజనీరు. రైళ్ళు, ఉక్కు, అప్పుడే కళ్ళు తెరుస్తున్న అల్యూమినియం పరిశ్రమ, అన్నింటిలోనూ ఆయన చెయ్యి ఉంది. ఈఫిల్ టవరు మీద చెక్కిన 72 మంది శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లలో కనిపించే లీషాట్లియర్ ఈ తండ్రే. కొడుకని పొరబడేవాళ్ళు చాలామంది. తల్లి క్రమశిక్షణ విషయంలో చండశాసనురాలట. వేళకు లేవడం, వేళకు కూర్చోవడం, ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడుండడం ఆ ఇంటి పద్ధతి. పిల్లవాడికి ఇంట్లోనే పరిశ్రమ తెలిసింది. తండ్రి స్నేహితుడైన సెంట్ క్లేర్ దెవీల్ ప్రయోగశాలలో రసాయనశాస్త్రమూ తెలిసింది. ఈ దెవీల్ సామాన్యుడు కాడు. వేడిచేస్తే విడిపోయే పదార్థాలు పూర్తిగా విడిపోకుండా ఒక హద్దు దగ్గర ఆగుతాయని, చల్లారితే మళ్ళీ కలుస్తాయని, అంటే మనం నేడు వియోజనం అని పిలిచే విషయాన్ని పట్టుకున్న వాడాయన. సమతాస్థితి అనే ఆలోచన మన కథానాయకుడికి ఇంచుమించు ఉగ్గుపాలతోనే అబ్బిందనవచ్చు.

1869లో ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరాడు. మరుసటేడే ప్రష్యాతో యుద్ధం వచ్చింది. ఆ కాలేజీ విద్యార్థులందరితోపాటు ఈయన్నూ సబ్ లెఫ్టినెంటును చేశారు. పారిస్ ముట్టడి కాలంలో నగరంలో ఉన్నాడు. యుద్ధం ముగిశాక 1871లో గనుల కళాశాలలో చేరి మైనింగ్ ఇంజనీరుగా బయటికొచ్చాడు. కొంతకాలం బెజాన్‌సోన్‌లో ఉద్యోగం. 1876లో జెనెవీవ్ నికొలాతో పెళ్లి. ఏడుగురు పిల్లలు. ఉన్నట్టుండి 1877లో గనుల కళాశాల వారు రసాయనశాస్త్రం చెప్పమని పిలిచారు. అప్పటికి ఆయన పేరున చెప్పుకోదగ్గ పరిశోధన ఒక్కటీ లేదు. బాయి ఇంజనీరు కావలసిన వాడు ఆ విధంగా పంతులయ్యాడు.

అయినా బాయి ఆయన్ను వదలలేదు. ఆ రోజుల్లో ఫ్రాన్సు బొగ్గు గనుల్లో పేలుళ్ళు విపరీతం. సెంట్ ఎతియెన్ దగ్గర 1876లో జరిగిన ఒక్క ప్రమాదంలోనే నూటయెనభైకి పైగా మనుషులు పోయారు. బొగ్గు పొరల్లోంచి ఊరే వాయువు, ఎక్కువ భాగం మీథేన్, గాలిలో ఇంచుమించు 5 నుంచి 15 శాతం వరకు కలిస్తే నిప్పురవ్వ చాలు. ప్రభుత్వం 1877లో దీనిమీద ఒక సంఘాన్ని వేసింది. దాని పనిలో ఖనిజశాస్త్రవేత్త మలార్‌తో కలిసి లీషాట్లియర్ దిగాడు. ఈ వాయువు ఏ ఉష్ణోగ్రతలో అంటుకుంటుంది, మంట ఎంత వేగంతో పాకుతుంది, అంత వేడిలో వాయువుల విశిష్టోష్ణం ఎంత, ఇవన్నీ ఒక్కొక్కటే కొలిచారు. మీథేన్ సుమారు 650 డిగ్రీల దగ్గర అంటుకుంటుందని, ఆ వేడి తగిలిన వెంటనే కాక కొంచెం ఆలస్యంగా అంటుకుంటుందని తేల్చారు. ఆ ఆలస్యం మీదనే గనుల్లో వాడదగిన పేలుడు మందుల లెక్క నిలబడింది. మందు పేలాక పుట్టిన వేడి వాయువు, మీథేన్ అంటుకునేలోపే చల్లారిపోతే ప్రమాదం తప్పుతుంది. అమ్మోనియం నైట్రేటు కలిపిన మందులు ఆ దారిన వచ్చినవే. మన సింగరేణి ప్రాంతంలో షాట్‌ఫైరర్ పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లోంచి వచ్చిన విద్యార్థులకు ఈ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే ఒక తప్పు కూడా రాసి తీరాలి, జీవితచరిత్ర అంటే భజన కాదు గనుక. బాయిలో మీథేన్ లేకుండా ఒట్టి బొగ్గు దుమ్ము వల్ల పెద్ద పేలుడు రాదని 1882లో మలార్, లీషాట్లియర్ అభిప్రాయపడ్డారు. ప్రయోగశాల కొలతల్లో అలాగే కనిపించింది. 1906లో కూరియేర్ గనుల్లో జరిగిన పేలుడు ఆ అభిప్రాయాన్ని కొట్టిపారేసింది. ఆ రోజు 1,099 మంది చనిపోయారు. కిలోమీటర్ల పొడవునా మంటను మోసుకెళ్ళింది బొగ్గు దుమ్మే. నేడు బొగ్గు గనుల్లో దారి పొడవునా సున్నపురాతి పొడి చల్లేది అందుకే. మండని పొడి మండే పొడి వేడిని మింగుతుంది.

ఇక ఆయన పేరు నిలిపిన సంగతికి వద్దాం. ఇనుపరాయిని కరిగించే బ్లాస్టు ఫర్నెసుల పైనుంచి కార్బన్ మోనాక్సైడ్ బోలెడంత వృథాగా పోయేది. రాయితో చర్య జరపడానికి దానికి వ్యవధి చాలడం లేదని అందరూ అనుకున్నారు. వ్యవధి కోసం ఫర్నెసులను ఎత్తుగా, ఇంకా ఎత్తుగా కట్టారు. డబ్బు ఖర్చయింది గాని పైనుంచి పోయే వాయువు మాత్రం తగ్గలేదు. ఇది ద్విగత చర్య అని, సమతాస్థితి దగ్గర ఆగిపోయిందని, గోడ ఎత్తు పెంచితే సమతాస్థితి కదలదని లీషాట్లియర్ వివరించాడు. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే ఎన్ని లక్షలు మిగిలేవో! ఆయనకు సూత్రం కావలసింది పుస్తకంలో పెట్టుకోవడానికి కాదు. ఫర్నెసు కట్టేవాడు రాళ్ళు పేర్చకముందే జవాబు చెప్పడానికి.

1884లో ఆ సూత్రాన్ని ఫ్రెంచి సైన్సు అకాడమీ పత్రికలో ప్రకటించాడు. ఉష్ణోగ్రత విషయంలో అదే ఏడు హాలండు శాస్త్రజ్ఞుడు వాంట్ హాఫ్ చెప్పిన దాన్ని ఈయన అన్ని కారణాలకూ విస్తరింపజేశాడు. అమెరికాలో గిబ్స్ అప్పటికే గణితంలో ఇదంతా తేల్చిపెట్టాడు గాని ఆ రాత ఐరోపాలో చదివి జీర్ణించుకున్నవాళ్ళు కొద్దిమంది. ఆ సంగతి తెలిశాక లీషాట్లియర్ తన పేరు కోసం పేచీ పెట్టలేదు. గిబ్స్ గ్రంథాన్ని తనే ఫ్రెంచిలోకి తెచ్చి 1899లో అచ్చువేయించాడు. జర్మనీలో బ్రౌన్ అనే ఆయన కూడా 1887లో స్వతంత్రంగా ఇదే సూత్రానికి చేరాడు. అందుకే కొన్ని పుస్తకాల్లో రెండు పేర్లూ కలిపి రాస్తారు.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఏమంటే, 1884 నాటి మొదటి వాక్యం మనం వల్లెవేసే వాక్యం కంటే చాలా పొడవు. అందులో ఒట్టి పీడనం అనే మాటతో ఆయన సరిపెట్టుకోలేదు. సాంద్రీకరణ అనే అర్థం వచ్చే మాట వాడి, దానికి వివరణగా పీడనం, గాఢత, ఒక ఘనపరిమాణంలో ఉన్న అణువుల సంఖ్య అని మూడూ చేర్చాడు. పైగా మొత్తం వ్యవస్థలో గాని అందులో కొంత భాగంలో గాని మార్పు అని కూడా జాగ్రత్తపడ్డాడు. అంత పొడవు వాక్యం చెవికి ఇంపుగా ఉండదు. నాలుగేళ్ళ తర్వాత, 1888లో, సమతాస్థితుల మీద రాసిన పుస్తకంలో ఆయనే దాన్ని పొట్టిగా చేశాడు. పొట్టి వాక్యం లోకమంతా పాకింది. మా క్లాసులో సగం మంది సున్నాలకు ఆ పొట్టి వాక్యమే కారణమని నా అనుమానం.

ఆ ప్రశ్నకు జవాబు ఇలా చూద్దాం. మన ఊరి అంగడి ఉందనుకోండి. ఎద్దులు అమ్మేవాళ్ళు కొందరు, కొనేవాళ్ళు కొందరు. ఆ స్థలంలోకే ఊరికే చూడవచ్చినవాళ్ళు రెండొందల మంది అదనంగా వచ్చారు. తొక్కిసలాట పెరిగింది, నిజమే. అమ్మేవాళ్ళ సంఖ్య మారలేదు, కొనేవాళ్ళ సంఖ్య మారలేదు, మైదానం మారలేదు. జరిగే బేరాలు అంతే. ఆర్గాన్ ఆ చూడవచ్చిన జనం వంటిది. ఘనపరిమాణం స్థిరంగా ఉంటే నత్రజని పాక్షిక పీడనం, హైడ్రోజన్ పాక్షిక పీడనం, అమ్మోనియా పాక్షిక పీడనం ఏదీ మారదు. గేజీలో ముల్లు పైకి పోతుంది, అదంతా ఆర్గాన్ పీడనమే. సమతాస్థితి స్థిరాంకంలో ఆర్గాన్‌కు చోటు లేదు. కనుక సమతాస్థితి కదలదు.

ఇప్పుడు అదే అంగడిలో తొక్కిసలాట లేకుండా చేయాలని మైదానాన్ని పెద్దది చేశారనుకోండి. అమ్మేవాడు ఆ మూల, కొనేవాడు ఈ మూల. కలుసుకోవడమే తగ్గుతుంది. స్థిర పీడనం దగ్గర జడవాయువు కలిపితే జరిగేది ఇది. పీడనం అంతే ఉంచాలంటే ఘనపరిమాణం పెరగాలి, అన్ని వాయువుల పాక్షిక పీడనాలూ పడిపోతాయి. అమ్మోనియా పుట్టడానికి ఒక నత్రజని, మూడు హైడ్రోజన్లు, మొత్తం నాలుగు అణువులు కావాలి. తిరోగామి చర్యకు రెండు అమ్మోనియా అణువులు చాలు. పలచబడితే నాలుగింటి కలయికకే ఎక్కువ దెబ్బ. సమతాస్థితి వెనక్కి, అణువుల సంఖ్య ఎక్కువున్న వైపుకు జరుగుతుంది. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ వంటి విడిపోయే పదార్థమైతే, అదే జడవాయువు విడిపోవడాన్ని పెంచుతుంది. రెండు వైపులా అణువుల సంఖ్య సమానమైతే, ఉదాహరణకు హైడ్రోజన్ అయోడైడ్ విషయంలో, ఏ విధంగా కలిపినా ఫలితం శూన్యం.

లెక్చరర్లను ఏడిపించడానికి పనికొచ్చే చిక్కు ఒకటి ఇక్కడే ఉంది. స్థిర పీడనం దగ్గర, మిశ్రమంలో సగానికి మించి ఇప్పటికే నత్రజని ఉన్నప్పుడు ఇంకా నత్రజని పోశామనుకోండి. పొట్టి వాక్యం ప్రకారం అమ్మోనియా పెరగాలి. లెక్క కట్టి చూస్తే తగ్గుతుంది. చర్యలో పాల్గొనే నత్రజనే ఆ స్థితిలో జడవాయువులాగా హైడ్రోజన్‌ను పలచబరుస్తుంది. నమ్మనివాళ్ళు కాగితం మీద వేసి చూసుకోవచ్చు, ఒక పేజీ పట్టదు.

ఇంకో తమాషా. ఆయన సూత్రం చెప్పిన 1884 నాటికి ఆర్గాన్ ఎవరికీ తెలియదు. రాలే, రామ్సేలు గాలిలో దాన్ని కనిపెట్టింది 1894లో. మనం పీల్చే గాలిలో దాదాపు ఒక శాతం అదే ఉన్నా అంతవరకు ఎవరి కంటా పడలేదు.

సున్నం సంగతి మరిచాను. సున్నపురాయిని కాలిస్తే సున్నం, బొగ్గుపులుసు వాయువు వస్తాయి. ఇదీ ద్విగత చర్యే. ఏ ఉష్ణోగ్రతలో ఆ వాయువు పీడనం ఎంత ఉంటుందో 1886లో లీషాట్లియర్ కొలిచాడు. అందుకు అంతంత వేడిని నమ్మకంగా కొలిచే సాధనం కావాలి. దానికోసం ఆయన ప్లాటినం తీగకు 10 శాతం రోడియం కలిపిన ప్లాటినం తీగ జతచేసి థర్మోకపుల్ రూపొందించాడు. ఈ జత నేటికీ కొలిమిలలో వాడుతున్నారు. ఆయన కొలతలో వాయువు పీడనం ఒక అట్మాస్ఫియరు అయింది 812 డిగ్రీల దగ్గర. తర్వాతి వాళ్ళ కొలతల్లో అది 900 డిగ్రీల దరిదాపుకు పోయింది. సాధనం కొత్తది, తప్పు దొర్లింది, దారి మాత్రం ఆయన వేసినదే. మరి మన ఊళ్ళ సున్నపు బట్టీల్లో రాయి అంతకంటే తక్కువ వేడిలోనే ఎందుకు మొదలుపెడుతుంది? బట్టీలో ఆడే గాలిలోని నత్రజని వల్ల. అది సున్నంతో ఏ చర్యా జరపదు. రాయి చుట్టూ ఉన్న బొగ్గుపులుసు వాయువును పలచబరిచి ఊడ్చుకుపోతుంది, అంతే. అమ్మోనియాకు అడ్డుపడే జడవాయువు ఇక్కడ సున్నానికి సాయం చేస్తుంది. కాగితపు మిల్లుల్లో వెదురు, కర్ర ఉడికించే క్షార ద్రవాన్ని తిరిగి తయారుచేసుకోవడానికి సున్నమే ఆధారం కనుక, మన కాగజ్‌నగర్ పేరుకూ ఈ చర్యకూ కొంత చుట్టరికం ఉంది.

సిమెంటు ఆయన డాక్టరేటు విషయం. 1887లో సమర్పించాడు. సిమెంటు నీటిలో ఎందుకు గట్టిపడుతుందో అప్పటికి ఎవరికి తోచింది వారు చెప్పేవారు. ఈయన క్లింకరును పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూసి, దాని బలానికి ముఖ్య కారణం ట్రైకాల్షియం సిలికేట్ అని చెప్పాడు. నీరు తగిలితే అది కరిగి, అతిసంతృప్త ద్రావణమై, సన్నని స్ఫటికాలుగా ఒకదానిలో ఒకటి అల్లుకుపోతుందన్నాడు. తర్వాత మికేలిస్ వచ్చి స్ఫటికాలు కాదు, జిగురువంటి పదార్థమన్నాడు. వారి వాదం చాలాకాలం నడిచింది, ఇద్దరి మాటల్లోనూ నిజం ఉందని తేలింది. మంచిర్యాల, దేవాపూర్, బసంత్‌నగర్ కర్మాగారాల క్లింకరులో సగానికి పైగా ఉండవలసింది ఆ సిలికేటే.

ఇంత చేసినా అకాడమీ వారు ఆయన్ను వెంటనే నెత్తిన పెట్టుకోలేదు. నాలుగుసార్లు సభ్యత్వానికి పోటీచేసి నాలుగుసార్లూ ఓడిపోయాడు. 1907లో గాని ఎన్నిక కాలేదు. 1898లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యుడయ్యాడు. 1907లో మువాసాన్ చనిపోయాక ఆయన స్థానంలో సార్బాన్‌కు వెళ్ళాడు. సమాన ఘనపరిమాణాల ఎసిటిలీన్, ఆక్సిజన్ కలిపి మండిస్తే 3000 డిగ్రీలు మించిన మంట వస్తుందని 1895లో చూపింది కూడా ఈయనే. మన ఊళ్ళో ఏ వెల్డింగు దుకాణం ముందు నిలబడినా ఆ మంట కనిపిస్తుంది.

ఇక 1901. నత్రజని, హైడ్రోజన్ నేరుగా కలిపి అమ్మోనియా చేయాలని పెద్ద పెద్దవాళ్ళు ప్రయత్నించి చేతులెత్తేసిన కాలం. లీషాట్లియర్ తన సూత్రాన్ని తనకే అన్వయించుకున్నాడు. అణువులు నాలుగు నుంచి రెండవుతాయి, కనుక పీడనం ఎక్కువ ఉండాలి. ఉష్ణం వెలువడే చర్య, కనుక వేడి మరీ ఎక్కువ కాకూడదు. మరీ తక్కువైతే చర్య నడవదు, కనుక ఉత్ప్రేరకం కావాలి. 200 అట్మాస్ఫియర్లు, 600 డిగ్రీలు, లోహరూపంలో ఇనుము. మిత్రులారా, నేటి పాఠ్యపుస్తకంలో హేబర్ పద్ధతి పేజీ తెరిచి చూడండి, ఇంచుమించు అవే అంకెలు. ఆ పరిస్థితుల్లో సమతాస్థితి దగ్గర సుమారు 8 శాతం అమ్మోనియా ఉండాలి. అది పరిశ్రమ పెట్టదగ్గ మాటే.

కంప్రెసరుతో మిశ్రమాన్ని ఉక్కు బాంబులోకి ఎక్కించారు. లోపల ప్లాటినం తీగచుట్టతో వేడి చేశారు. భయంకరమైన పేలుడు. సహాయకుడు చావు తప్పి బయటపడ్డాడు. తర్వాత వెతికితే కారణం దొరికింది. పరికరంలో గాలి ఉండిపోయింది. హైడ్రోజన్‌తో పాటు ఆక్సిజన్, 200 అట్మాస్ఫియర్ల పీడనం, ఎర్రగా కాలిన తీగ. పేలే వాయు మిశ్రమాల మీద పదేళ్ళు కొలతలు తీసిన మనిషి ప్రయోగశాలలో జరిగింది ఇది. విధి వెక్కిరింత అని రాయబోయి ఆగాను. చిన్న అజాగ్రత్త, అంతే. నిజానికి గాలిలో నాలుగు పాళ్ళు ఉన్న నత్రజని వల్ల ఏమీ కాదు. దానితో వచ్చిన ఐదో పాలే కొంప ముంచింది.

ఆ ఒక్క పేలుడుతో ఆయన ఆ పని వదిలేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు. ఎందుకు వదిలేశాడో నాకిప్పటికీ అంతుపట్టదు. సహాయకుడి ప్రాణం మీదికి రావడం ఆయన్ను కలచివేసి ఉండవచ్చు. ఉద్యోగ బాధ్యతలు ఎక్కువై ఉండవచ్చు. నాలుగైదేళ్ళకే హేబర్ ఆ దారిలో అడుగుపెట్టాడు. 1909లో హేబర్, లె రొసిన్యోల్ బల్లమీద పట్టే యంత్రంలో అమ్మోనియా చుక్కలు చూపించారు. 1913లో జర్మనీలోని ఒపావులో కర్మాగారం నడిచింది. 1918 నోబెల్ బహుమతి హేబర్‌కు దక్కింది. అమ్మోనియా సంశ్లేషణను చేజేతులా జారవిడుచుకున్నానని, తన శాస్త్రజీవితంలో అంతటి పొరపాటు వేరే లేదని లీషాట్లియర్ ముసలితనంలో ఒప్పుకున్నాడు. కప్పిపుచ్చుకోలేదు.

రామగుండంలో మొదటి ఎరువుల కర్మాగారం బొగ్గుతో నడిచింది. 1980 నవంబరులో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది, 1999 మార్చిలో మూతపడింది. చుట్టుపక్కల ఎన్ని కుటుంబాలు ఆ సైరను ఆగిన రోజును తలుచుకుంటాయో మన విద్యార్థుల్లో ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళనడగాలి. అదే చోట సహజవాయువుతో కొత్త కర్మాగారం 2021 మార్చిలో ఉత్పత్తి ప్రారంభించింది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం. మా టెస్టు ప్రశ్న ఇటువంటి కర్మాగారాల్లో రాత్రింబవళ్ళు నడుస్తూనే ఉంటుంది. సహజవాయువు దారిలో నత్రజని కోసం గాలిని లోపలికి పంపుతారు. దానితోపాటు ఆర్గాన్ వస్తుంది. పూర్తిగా విడిపోని మీథేన్ కొంత మిగులుతుంది. ఈ రెండూ అమ్మోనియా కన్వర్టరులో ఏమీ చేయవు. చేయకపోవడమే వాటితో తంటా. ఒక చుట్టులో అమ్మోనియా అయింది తక్కువ భాగమే గనుక దాన్ని చల్లార్చి ద్రవంగా తీసేసి, మిగతా వాయువును మళ్ళీ లోపలికి తిప్పుతారు. నత్రజని, హైడ్రోజన్ ఖర్చవుతూ ఉంటాయి. ఆర్గాన్, మీథేన్ ఖర్చు కావు. చుట్టు చుట్టుకూ పోగవుతాయి.

కంప్రెసర్లు మొత్తం పీడనాన్ని ఒకే తీరున ఉంచుతాయి. అంటే ఇది స్థిర పీడనం కేసు, మైదానం పెద్దదైన అంగడి. లెక్క చూడండి. అమ్మోనియా శాతం తక్కువగా ఉన్నప్పుడు అది మిగతా చర్యా వాయువుల వాటా వర్గానికి అనులోమంగా ఉంటుంది. జడవాయువులు 10 శాతమైతే మిగిలిన వాటా 0.9, దాని వర్గం 0.81. పీడనం చూపే ముల్లు కదలకుండానే అమ్మోనియా దాదాపు ఐదోవంతు పడిపోతుంది. కనుక కొంత వాయువును ఎప్పటికప్పుడు బయటికి వదిలేయాలి. దీన్ని పర్జ్ అంటారు. అదీ ఊరికే రాదు. లోపలికొచ్చే వంద పాళ్ళ వాయువులో ఒక పాలు జడవాయువు ఉండి, చుట్టులో దాన్ని 10 శాతం దగ్గర ఆపాలంటే, పది పాళ్ళు వదలాలి. అందులో తొమ్మిది పాళ్ళు ఎంతో ఖర్చుపెట్టి తయారుచేసుకున్న మంచి వాయువే. ఎక్కువ వదిలితే హైడ్రోజన్ నష్టం, తక్కువ వదిలితే అమ్మోనియా నష్టం. పర్జ్ వాయువులోంచి హైడ్రోజన్‌ను తిరిగి పట్టుకునే ఏర్పాట్లు వచ్చింది ఈ బాధ పడలేకనే. బొగ్గుతో నడిచే కర్మాగారాలకు మరో ఉపాయం ఉంది. గాలిని ద్రవంగా మార్చి ఆక్సిజన్ తీసే యంత్రం ఎలాగూ ఉంటుంది కనుక, అక్కడి ద్రవ నత్రజనితోనే వాయువును కడిగి మీథేన్, ఆర్గాన్‌లను ముందుగానే తీసేయవచ్చు. అప్పుడు పర్జ్ అవసరం బాగా తగ్గుతుంది.

1901 తర్వాత కూడా ఆయన ఊరక కూర్చోలేదు. 1904లో లోహశాస్త్ర పత్రిక ఒకటి స్థాపించాడు. కర్మాగారాల్లో పని తీరు మీద అమెరికా ఇంజనీరు టేలర్ రాసిన వాటిని ఫ్రాన్సుకు పరిచయం చేశాడు. ఈ విషయంలో ఆయన ఉత్సాహం కార్మికులకు ఎంత మేలు చేసిందో చెప్పడం కష్టం, అది వేరే చర్చ. లండన్ రాయల్ సొసైటీ 1916లో డేవీ పతకం ఇచ్చింది. నోబెల్ మాత్రం రాలేదు.

1936లో పెళ్లై అరవై ఏళ్ళు నిండాయి. అదే సంవత్సరం సెప్టెంబరు 17న, 85 ఏళ్ళ వయసులో, ఆల్ప్స్ పర్వతాల వైపున్న మిరిబెల్ లేజెషెల్ అనే చిన్న ఊళ్ళో కన్నుమూశాడు. అప్పటికి మన కాగజ్‌నగర్ కొత్తపేటగానే ఉంది. మిల్లుకు పునాది పడింది మరో రెండేళ్ళకు.